కొప్పులో దబ్బనం

నేను ఒక దబ్బనాన్ని. గోతాలు కుట్టే పెద్ద సూదిని. సూది అనగానే మీకు చొక్కా గుండీలు గుర్తొస్తే అది నా తప్పు కాదు. ఆ జాతి వేరు, మా జాతి వేరు. అవి రేకు డబ్బాలో దూది మీద పడుకుంటాయి. మేము ఏ చూరులోనో, తలుపు చట్రంలోనో గుచ్చుకుని నిలబడే నిద్రపోతాం. జానెడు పొడవు, మొన దగ్గర కాస్త వంపు, వెనక ఒక కన్ను. ఆ కంట్లో పురికొస తప్ప మరొకటి దూరి ఎరుగని బతుకు మాది. అలాంటి నేను పదకొండేళ్లపాటు ఒక ఇల్లాలి నెత్తిన కిరీటంలా వెలిగానంటే మా వాళ్లే నమ్మరు, మీరేం నమ్ముతారు?

నన్ను చేసింది కమ్మరి వీరాచారి. నాగలి కర్రు చేయాలంటే ఆయన పొద్దంతా చెమటోడ్చేవాడు, కొలిమిని బతిమాలేవాడు, రైతుతో తగువు పడేవాడు. నన్ను మాత్రం, కర్రు ఎర్రబడేదాకా ఊరికే కూర్చోవడం ఎందుకని, నోట్లో చుట్ట తీయకుండా పది దెబ్బల్లో తేల్చేశాడు. పదకొండో దెబ్బ నా కన్ను. అది కొంచెం పక్కకు పోయింది. అందుకే నేను లోకాన్ని ఎప్పుడూ కాస్త ఓరగానే చూస్తాను.

అక్కడినుంచి గోతాలు కుట్టే సాంబయ్య చేతికి వెళ్లాను. మిరపకాయల కాలంలో ఆయన కళ్లం కళ్లం తిరిగి, కాయలు కుక్కిన గోతాల మూతులు కుట్టేవాడు. పని మధ్యలో పురికొస తెంపాలంటే నన్ను పళ్ల మధ్య పెట్టుకునేవాడు. ఒక బుగ్గన వక్క, ఒక బుగ్గన నేను. మూడేళ్లు అలా గడిచాయి. గౌరవం లేదు గానీ ఆకలి మాత్రం ఎరగను. నాకు కావలసింది గోతం, దానికి ఆ జిల్లాలో కరువు లేదు.

నా దశ తిరిగింది పున్నయ్య కళ్లంలో. ఆయన భార్య శేషారత్నం. ఆవిడ జుట్టు సంగతి ముందు చెప్పాలి, లేకపోతే తర్వాతిది మీకు అర్థం కాదు.

ఆ జుట్టు పిక్కల దాకా ఉండేది. పెళ్లిచూపులనాడు కాబోయే అత్తగారు గోవిందమ్మ అది సవరం కాదని తేల్చుకోవడానికి జడ పట్టుకుని ఒకసారి లాగిందట. నమ్మకం కుదరక రెండోసారి లాగిందట. మూడోసారికి పిల్ల కుర్చీతో సహా వెనక్కి వచ్చేసరికి, ‘ఖాయం చేసుకోండి’ అని లేచిందట. పున్నయ్యకు అప్పటికే నెత్తి సగం నున్నబడింది. ఆ తర్వాత మిగిలిన సగం కూడా పోయింది. కానీ ఆయన దిగులు పడలేదు. ఇంట్లో జుట్టుకు లోటు లేదు కదా! టీ కొట్టు దగ్గర కూర్చుంటే, వానల గురించి మొదలుపెట్టినా, ఎరువుల గురించి మొదలుపెట్టినా చివరికి భార్య జుట్టు దగ్గరికే వచ్చేవాడు. “మా ఆడమనిషి జడ మా ఎద్దుల పగ్గమంత ఉంటది” అనేవాడు. పెళ్లిళ్లకు వెళితే ఆవిడ చేత జడ వదులుగా వేయించేవాడు. బంధువుల ఆడవాళ్లు వరసగా వచ్చి తడిమి, తూచి, లాగి చూసి వెళ్లేవారు. కూరలో వెంట్రుక వస్తే పున్నయ్య విసుక్కోడు. రెండు వేళ్లతో పట్టుకుని, లాగుతూ, లాగుతూ, చెయ్యి తల పైకి వెళ్లినా అది కంచంలోనే ఉంటే మురిసిపోయేవాడు.

కానీ కళ్లంలో జడ పనికిరాదు. వంగితే కాయల్లో పడుతుంది. కొప్పు పెట్టాలి. ఆ కొప్పు పెట్టడం ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. శేషారత్నం వాకిట్లో ముక్కాలి పీట మీద తల వంచుకుని కూర్చునేది. గోవిందమ్మ కోడలి జుట్టు కొస పట్టుకుని గుమ్మం దాకా వెనక్కి నడిచి, అక్కడ నిలబడి పగ్గం పేనినట్టు మెలి తిప్పేది. మెలి బిగిసేకొద్దీ ఒక్కో అడుగు ముందుకు వేస్తూ, పిడికిలి చుట్టూ చుట్ట చుట్టుకుంటూ వచ్చి, చివరికి కొసను చుట్ట అడుగుకు తోసేది. రోజూ అరగంట. అత్తాకోడళ్ల మాటలన్నీ ఆ జుట్టు పొడవునే నడిచేవి. ఆ ఇంట్లో వాళ్లిద్దరికీ పెద్ద తగువు రాలేదంటే కారణం మంచితనం ఒక్కటే కాదు. జుట్టు అత్త చేతిలో ఉన్నప్పుడు ఏ కోడలు ఎదురు మాట్లాడుతుంది?

పెట్టడం ఒక ఎత్తు, నిలవడం మరో ఎత్తు. సన్న పిన్నులు పదిహేను గుచ్చినా మధ్యాహ్నానికి కాళ్లు చాపి ఒక్కొక్కటే రాలిపోయేవి. ఒకటి పులుసులో తేలింది. ఒకటి గేదె గాడిలో దొరికింది. పున్నయ్య తిరునాళ్లలో అరచెయ్యంత ప్లాస్టిక్ క్లిప్పు కొనుక్కొచ్చాడు. అది రెండో రోజే టపాసులా పేలితే, అదిరిపడ్డ గేదె పలుపు తెంపుకుని పక్క వీధి దాకా పరుగెత్తింది.

ఇక నా కథలోకి వస్తాను. ఆ రోజు సాంబయ్య నన్ను ఒక గోతం మీద పెట్టి మంచినీళ్లకు వెళ్లాడు. సరిగ్గా అప్పుడే శేషారత్నం కొప్పు ఊడింది. రెండు చేతులా కాయ. అత్తగారు ఇంటి దగ్గర. ఆవిడ ఎలాగో మెలితిప్పి చుట్ట చుట్టి, ఒక చేత్తో అదిమి పట్టుకుని, రెండో చేత్తో తడుముకుంటే తగిలింది నేను. ముందూ వెనకా చూడలేదు. పై నుంచి దింపి, తలను ఆనుకుని ఉన్న జుట్టు కాస్త పట్టించి, నన్ను వెనక్కి తిప్పి, చుట్ట అడుగునుంచి తోసి అవతలి పక్కకు తేల్చింది.

ఊళ్లో ఎన్నో గోతాలు చూసినవాణ్ణి. అంత గట్టి సరుకులోకి దిగడం అదే మొదలు. ఆ కొప్పు పొద్దుగూకేదాకా కదల్లేదు.

కదిలింది శేషారత్నమే. నా ఒంటికి మూడేళ్ల మిరపకాయ కారం పట్టి ఉందని ఆవిడకు తోచలేదు. చెమటకు ఆ కారం కరిగి నెత్తిలోకి దిగింది. “ఓయమ్మో, నా తలమీద నిప్పులు పోశారే!” అంటూ కళ్లం చుట్టూ పరుగు. గోవిందమ్మ ఇంటి దగ్గర్నుంచి పెరుగు కుండ ఎత్తుకొచ్చి కోడలి నెత్తిన బోర్లించింది. ఒక కుండ ఏ మూలకూ చాలలేదు. ఆ జుట్టు తాగినంత పెరుగు ఆ ఊళ్లో ఏ పెళ్లి పంక్తిలోనూ ఎవరూ తాగి ఉండరు.

మర్నాడు సాంబయ్య తన దబ్బనం కోసం వచ్చాడు. “నా దబ్బనం యాడన్నా కనపడిందా అమ్మా?” అన్నాడు. ఇంటిల్లిపాదీ వెతికారు. అందరికంటే ఎక్కువగా శేషారత్నమే వంగి వంగి వెతికింది. తెల్లారి నన్ను మజ్జిగలో కడిగి కొప్పులో దోపుకున్న సంగతి ఆవిడకే గుర్తులేదు. ఆవిడ మంచం కిందికి తొంగి చూసినప్పుడు ఆవిడ మెడ మీద నేను తళతళలాడుతూ సాంబయ్య వైపు చూశాను. ఆయనా నన్ను చూశాడు.

“వెతకబాకండమ్మా,” అన్నాడు తల గోక్కుంటూ. “నెత్తికెక్కినదాన్ని మళ్లీ గోతాల్లోకి ఎట్టా దించేది? ఉంచుకోండి.”

అలా నేను ఆ ఇంటి వాణ్ణయ్యాను.

పదకొండేళ్లు. కొబ్బరి నూనెలో తడిసి తడిసి నల్లగా, నున్నగా అయ్యాను. శుక్రవారం సాంబ్రాణి పొగ. పండగపూట మల్లెచెండు నా మీదనే చుట్టేవారు. ఊళ్లో ఆడవాళ్లు కొందరు నన్ను చూసి వీరాచారి దగ్గరికి వెళ్లి కొప్పులకు దబ్బనాలు చేయించుకున్నారు కూడా. ఆయనకు అదేం పిచ్చో అర్థం కాలేదు గానీ పది దెబ్బలకు బదులు పన్నెండు కొట్టాడట.

కానీ అక్కడ ఉన్నందుకు నాకు ఒక సంగతి తెలిసింది, పున్నయ్యకు తెలియనిది. నేను కూర్చున్న చోటు కిందనే శేషారత్నం మెడ నరాలు. మధ్యాహ్నమయ్యేసరికి అవి టక్ టక్ మని కొట్టుకునేవి. ఆవిడ వెల్లకిలా పడుకుని ఎన్నేళ్లయిందో! కొప్పు దిండులా అడ్డం. విప్పి పడుకుంటే ఎవరో ఒకరు దాని మీద కూర్చుంటారు. తలంటుకుంటే ఆరడానికి ఒక పగలంతా కావాలి. ఆ పగలు కాస్తా మంచం మీద జుట్టు పరుచుకుని, కాపలా కుక్కలా దాని పక్కన కూర్చోవడమే.

ఒకసారి అడిగింది మొగుణ్ణి. “ఏమయ్యా, నడుం దాకా కత్తిరించుకుంటా. మెడ పీకతావుంది.”

పున్నయ్య అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. “కత్తిరిస్తావా? రేపు టీ కొట్టుకాడ నేనేం చెప్పాల?”

రెండోసారి అడిగితే, “మెడకు నూనె రాయించుకో” అన్నాడు. మూడోసారి పట్నంనుంచి జండూబామ్ తెచ్చాడు. నాలుగోసారి ఆవిడ అడగలేదు. అడగని రోజునుంచి ఆవిడ ఏదో ఆలోచిస్తోందని మొదట పసిగట్టింది నేనే. కొప్పు పెట్టేటప్పుడు నన్ను కాస్త నెమ్మదిగా తోస్తోంది, సెలవు తీసుకునే చుట్టాన్ని సాగనంపినట్టు.

ఆ మార్చి నెలలో పున్నయ్య కాయ ఎన్నడూ లేనంత బాగా పండింది. కళ్లమంతా ఎర్ర దుప్పటి పరిచినట్టుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పడమట మబ్బు పట్టింది. చుట్టుపక్కల కళ్లాల్లో జనం కాయ మీద కప్పే పట్టాల కోసం ఉరుకులు. పున్నయ్య పట్టాలు రెండు. ఒకదాన్ని ఎలుకలు అల్లిక చీరలా చేసిపెట్టాయి. తడిసిందంటే కాయ తెల్లబడుతుంది, తాలు కింద చవగ్గా పోతుంది, ఏడాది కష్టం పోతుంది.

శేషారత్నం కళ్లం మధ్యలో నిలబడింది. కొండ మీది నరసింహస్వామి వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తింది. పక్క కళ్లంలోని మల్లీశ్వరికి, అవతలి కళ్లం వాళ్లకు కూడా వినపడేట్టు గట్టిగా అంది.

“స్వామీ! నా కాయ మీద ఒక్క చినుకు పడకుండా చూడు. నా తలనీలాలు మొత్తం నీకే ఇచ్చుకుంటా!”

పున్నయ్య చేతిలోని పార జారిపోయింది. ఒకసారి మబ్బు వైపు చూశాడు. ఒకసారి కొప్పు వైపు చూశాడు. మళ్లీ మబ్బు వైపు. వాన ఆగాలని దండం పెట్టాలో, కురవాలని పెట్టాలో తెలియక ఎత్తిన చేతులు సగంలో నిలిచిపోయాయి.

“మొత్తమా? సగమని చెప్పవే! ఇంకా స్వామి విని ఉండడు, మార్చి చెప్పు!”

“దేవుడికాడ బేరాలేందిరా?” అని కసిరింది గోవిందమ్మ.

“మూడు కత్తెరలని చెప్పి కొసలిచ్చినా చాలుగదే అమ్మా!” అన్నాడు పున్నయ్య.

“అన్నావు గదన్నా, ఇప్పుడు స్వామి రెండూ విన్నాడు,” అంది మల్లీశ్వరి పక్క కళ్లంనుంచి, తన పట్టా లాక్కుంటూనే.

అప్పుడు పున్నయ్యకు ఒక ఆలోచన వచ్చింది. ఆయన జీవితంలో అంత గొప్ప ఆలోచన అంతకుముందు రాలేదు, తర్వాత కూడా నేను చూడలేదు. స్వామి కాపాడితే కదా మొక్కు తీర్చాల్సింది? స్వామికి ఆ పని పడకుండా మనమే కాపాడుకుంటే? పంచె ఎగ్గట్టాడు. వంగితే నడుం నొప్పి అని పదేళ్లుగా వంగని మనిషి, బుట్టలకు బుట్టలు కాయ ఎత్తి గోతాల్లో కుక్కసాగాడు. “కానీండి, కానీండి! దేవుడికి శ్రమ పెట్టబాకండి!” అని అరుపులు. చిల్లుల పట్టా ఒక కుప్పకు కప్పాడు. మంచి పట్టా ఇంకో కుప్పకు కప్పాడు. మిగిలినదంతా గోతాల్లోకి. మూతి కుట్టకపోతే మోసేటప్పుడు ఒలికిపోతుంది.

“దబ్బనం! దబ్బనం ఏదే?”

అది ఎక్కడుందో ఊరంతటికీ తెలుసు. శేషారత్నం చెయ్యి వెనక్కి వచ్చి నన్ను లాగింది. కొప్పు విడిపోయి జుట్టంతా ఒక్కసారి పిక్కల దాకా జారింది. గాలికి అది లేచి పున్నయ్య మొహానికి చుట్టుకుంది. ఆయన దాన్ని తప్పించుకోకుండా ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు, పాపం.

పదకొండేళ్ల తర్వాత నా కంట్లోకి పురికొస దూరింది. మంచి నూనె పట్టి ఉన్నానేమో, గోనెలోకి వెన్నలోకి దిగినట్టు దిగాను. గోతం తర్వాత గోతం. గోవిందమ్మ పురికొస కొలిచి తెంపుతోంది, శేషారత్నం కుడుతోంది, పున్నయ్య మోస్తున్నాడు. మబ్బు నెత్తి మీదికి వచ్చింది. ఇరవయ్యో గోతం మూతి దగ్గర ఉన్నాం.

టప్.

నా వీపు మీదుగా జారి, మూతి దగ్గరున్న ఒక ఎర్రటి కాయ మీద పడింది. చినుకు. ఒకే ఒక్కటి, కందిగింజంత.

శేషారత్నం చూసింది. తల ఎత్తి చుట్టూ చూసింది. అత్త పురికొస చిక్కు తీసుకుంటోంది. మొగుడు గోతం కింద వంగి ఉన్నాడు. ఆవిడ పైట కొంగుతో ఆ కాయను శుభ్రంగా తుడిచి, లోపలికి తోసి, దాని మీద రెండు కుట్లు ఎక్కువ వేసింది. ఆ సంగతి ఆవిడకు తెలుసు, నాకు తెలుసు. స్వామికి కూడా తెలిసే ఉంటుంది. ముగ్గురమూ ఎవరికీ చెప్పలేదు.

ఆఖరి గోతం కొట్టంలోకి చేరాక వాన దంచికొట్టింది. కొట్టం చూరు కింద నిలబడి అందరూ ఒకేసారి మాట్లాడారు.

“మనం కుట్టాం, మనం మోశాం. స్వామి ఏం చేశాడు?” అన్నాడు పున్నయ్య, ఆయాసపడుతూ. ఒళ్లంతా కారం, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“వాన ఇంతసేపు ఎందుకాగింది? నువ్వు ఆగమన్నావనా?” అంది శేషారత్నం జుట్టు పిండుకుంటూ.

“అది గాలి!”

“గాలి ఎవరిది?”

పున్నయ్య దిక్కుతోచక తల్లి వైపు తిరిగాడు. “నువ్వు చెప్పమ్మా. పెళ్లిచూపుల్లో మూడుసార్లు లాగి చూసి ఈ జుట్టును ఇంటికి తెచ్చింది నువ్వేగదా!”

కోడలి జుట్టు కొస గోవిందమ్మ చేతిలోనే ఉంది. అలవాటు కొద్దీ మెలి తిప్పుతోంది.

“రోజూ మెలిపెట్టేది నేను,” అంది చివరికి. “బిగించినప్పుడల్లా దీని మెడలో ఎముకలు కటకటమంటే వింటావుండా. ఇన్నేళ్లూ విని గమ్మునున్నా. నీకు టీ కొట్టుకాడ చెప్పుకోవడానికి ఇంకేం లేకపోతే, ఇయ్యాల నువ్వు వంగి గోతాలు మోశావు గదా, అది చెప్పుకో. పదిమందీ వింత పడతారు.”

వాన తప్పించుకోవడానికి ఆ చూరు కిందికే వచ్చిన మల్లీశ్వరి పకపకా నవ్వింది.

ఆదివారం కొండకు వెళ్లారు. కల్యాణకట్టలో క్షురకుడు ఆ కొప్పు చూసి కత్తి పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. “ఏందమ్మా ఇది! దీనికి నేనొక్కణ్ణీ సాలను,” అని పక్కాయన్ను పిలిచాడు. శేషారత్నం నన్ను తీసి మొగుడి చేతికిచ్చింది. ఆయన నన్ను చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. అక్కడినుంచి నాకు ఏమీ కనపడలేదు. వినపడింది మాత్రం చెబుతాను. కత్తి చప్పుడు. నీళ్ల చప్పుడు. నా చెంప కిందనే ఆయన గుండె దబదబ కొట్టుకునే చప్పుడు. ఒకసారి, “అమ్మా, తల తిప్పండి” అన్నారు. “ఎటు కావాలంటే అటు తిప్పుతానయ్యా” అంది ఆవిడ. ఆ గొంతులో అలాంటి హుషారు నేను పదకొండేళ్లలో వినలేదు.

లేచి నిలబడగానే ముందుకు తూలిందట. వెనక బరువుకు అలవాటుపడ్డ ఒళ్లు కదా. పున్నయ్య పట్టుకున్నాడు. ఆవిడ నిదానంగా తల వెనక్కి వాల్చి, గోపురం మొదలు కలశం దాకా చూసి, “ఇంత పొడుగుందా ఇది!” అంది.

తిరుగు బస్సులో గుండీల సందులోంచి చూశాను. ఆవిడ సీటుకు తల ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోయింది. పక్కన పున్నయ్య. రెండు నున్నటి తలలు, ఒకదానికి చందనం, ఒకదానికి ఎండ. గుంట వచ్చినప్పుడల్లా నేను ఆయన రొమ్ములో గుచ్చుకుంటున్నాను. ఆయన ‘అబ్బ’ అనలేదు, కదల్లేదు. ఆవిడ తల ఆయన భుజం మీదికి జారింది మరి.

నాకు బాధ లేదా అంటే, ఉంది. మల్లెచెండు ఎక్కడ, గోనె ఎక్కడ! మళ్లీ గోతాలు కుడుతున్నాను. పని లేనప్పుడు వంటింటి కిటికీ చట్రంలో గుచ్చుకుని ఇంటి సంగతులు చూస్తుంటాను. నూనె పోయి తుప్పు మొదలైంది. వయసు కూడా అయింది.

జుట్టు మళ్లీ పెరుగుతుందని పున్నయ్య ఓపికగా ఎదురుచూశాడు. పెరిగింది. రెండేళ్లకు భుజాలు దాటింది. సరిగ్గా ఆ వారమే గేదె రెండు పూటలు మేత మానింది. శేషారత్నం మొక్కుకుంది. మూడో పూట గేదె శుభ్రంగా తిన్నది. కొండకు వెళ్లారు. ఆ తర్వాత భుజాలు దాటిన ఏడు పున్నయ్యకు జలుబు చేసింది. దానికీ మొక్కింది. ఆయన ముక్కు తుడుచుకుంటూ, “నాకు తగ్గకపోయినా పర్లేదే” అని మొత్తుకున్నాడు గానీ, మర్నాటికే తగ్గిపోయింది. ఊళ్లో అంత భక్తి గల మనిషి లేదని పేరొచ్చింది. కల్యాణకట్ట వాళ్లు పేరు పెట్టి పలకరిస్తున్నారట.

పోయిన నెల మళ్లీ భుజాలు దాటింది. ఈసారి ఇంట్లో అందరూ బాగున్నారు. గేదె బాగుంది. మబ్బు లేదు. వారం రోజులు ఆవిడ ఏదైనా కష్టం వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. నిన్న పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి, కొండ వైపు తిరిగి, “స్వామీ, ఈ పాలు పొంగిపోకుండా కాపాడు, తలనీలాలు ఇచ్చుకుంటా” అంది.

వాకిట్లోనుంచి పున్నయ్య చెప్పులతోనే వంటింట్లోకి పరుగెత్తుకొచ్చాడు. శేషారత్నం గ్యాసు పొయ్యి మీట పట్టుకుని నిలబడి ఉంది. ఆయన ఆవిడ చేతి వైపు చూశాడు, గిన్నె వైపు చూశాడు.

పాలు పొంగలేదు.